మూడో గిన్నె

మా బావమరిదికి అబద్ధమాడటం చేతకాదు. చిన్నప్పుడు డబ్బాలో బెల్లం కాజేసి, మూతికంటిన జిడ్డు తుడుచుకోకుండానే వచ్చి "నేను కాదక్కా" అనేవాడట. మా ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. అలాంటివాడు ఇవాళ, కబురు తెలిసి రాత్రి బస్సులో వచ్చిన నా ఎదురుగా నిలబడి, స్విచ్చుబోర్డుకేసి చూస్తూ, వెండి సామాను బీరువా తాళంచెవి ఎప్పుడూ తన జేబులోనే ఉంటుందనీ, ఇంకొకరి చేతికి పోయే సమస్యే లేదనీ అప్పజెప్పిన పాఠంలా చెప్పాడు. అబద్ధమని వింటూనే తెలిసిపోయింది. ఎవరిని కాపాడటానికో తెలియక నాకు ఒళ్ళు మండింది.

కూర్చుని మాట్లాడరా అన్నాను. కూర్చోలేదు. వాడు కూర్చోవడం ఎప్పుడో మరిచిపోయాడు. పరాయి దేశంలో, తివాచీ తప్ప నేల కనపడని ఈ పెద్ద హోటల్లో, రెస్టారెంటుకి అసిస్టెంట్ మేనేజరు వాడు. ఊళ్ళో చెప్పుకోవడానికి ఘనంగానే ఉంటుంది. చేసేదంతా నిలబడటమే. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి కుర్చీ లాగడం, గ్లాసు దీపానికి అడ్డం పెట్టి వేలిముద్రలున్నాయేమో చూడటం, వంటవాడి తప్పుకీ వడ్డించేవాడి తప్పుకీ తాను తలవంచి క్షమాపణ చెప్పడం, చివరికి వెనక సందులో అట్టపెట్టెల మధ్య నిలబడే నాలుగు మెతుకులు నోట్లో వేసుకోవడం. పోలీసులు వచ్చేదాకా ఇక్కడే ఉండాలని పై అంతస్తులో సిబ్బంది క్వార్టర్సు చివర ఖాళీగా ఉన్న గదిలో పడేస్తే, అక్కడా చేతులు వెనక్కి కట్టుకుని, మడమలు కలిపి, అలాగే నిలబడి ఉన్నాడు. మంచంమీద దుప్పటి మడతైనా నలగలేదు.

మొన్న మధ్యాహ్నం జరిగిందీ ఘోరం. ఈ హోటల్లో ఓ ఆచారముంది. వడ్డించేవాడు రిటైరయ్యే రోజున, బతుకంతా అతను పళ్ళేలు మోసిన గదిలోనే అతన్ని అతిథిగా కూర్చోబెట్టి, అతని చేతికింద పనినేర్చుకున్నవాళ్ళచేతే వడ్డింపించి, భోజనం పెడతారు. మొన్న హెడ్ వెయిటరు వంతు. ఆయనది ఏ దేశమో ఎవరికీ సరిగ్గా తెలియదు. మనవాళ్ళు 'తాత' అని పిలిస్తే పలికేవాడు, మనవాళ్ళ దగ్గర నేర్చిన తెలుగుతోనే మనవాళ్ళని తిట్టేవాడు. మా బావమరిదికి పళ్ళెం పట్టుకోవడం నేర్పిందీ, జ్వరమొస్తే గంజి కాచి తాగించిందీ ఆయనే. బల్లకి నాలుగు కుర్చీలు. తాత, హోటల్ జనరల్ మేనేజరు మేడమ్, రెస్టారెంటు పెద్ద మేనేజరు, మా బావమరిది.

సూపు తాగిన కాసేపటికి తాత బల్లమీదికి ఒరిగిపోయాడు. ఆసుపత్రి గుమ్మం దాటకముందే ప్రాణం పోయింది. వరసలో మూడో గిన్నె, అంటే తాత ముందున్న గిన్నెలో, వెండి తోమే పాతకాలం విషపు పొడి కలిసిందని పోలీసులు తేల్చారు. మిగతా మూడు గిన్నెలూ శుభ్రం. ఆ పొడి ఉండే బీరువా తాళంచెవి మా వాడిది. వంటగది గట్టుమీద గిన్నెలు పేర్పించిందీ మా వాడే. కావాలని చేశాడని కాదు, నిర్లక్ష్యం అని హోటలువాళ్ళు కేసు పెట్టారు. నాలుగింటికి పోలీసు బండి వస్తుంది. ఈ దేశంలో ఒకసారి ఆ బండెక్కినవాడికి మళ్ళీ బయటి ఎండ తగలడానికి ఏళ్ళు పడుతుందని, ఇక్కడే డిటెక్టివ్ పని చేసుకు బతికే నేను ఇద్దరు ముగ్గురి విషయంలో కళ్ళారా చూశాను.

"నావల్లే పోయాడు బావా," అన్నాడు. "తప్పు నాదేనని సంతకం పెట్టేశాను. ఇంక నువ్వు తిరగకు."

"నీవల్ల ఎలా పోయాడో చెప్పి ఏడువు."

"నావల్లే."

ఎన్ని రకాలుగా అడిగినా అదే మాట. డిటెక్టివ్ పనిలో దొంగల్ని చూశాను, దొంగ ఏడుపులు చూశాను, కానీ నేరం నాదంటే నాదని పట్టుకు వేళ్ళాడేవాడితో ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. వాడి కళ్ళు గుంటలు పడిపోయాయి. నేను లేచి వస్తుంటే మాత్రం, అక్కకి చెప్పావా అని అడిగాడు. చెప్పక చస్తానా అన్నాను.

బయటికి రాగానే ఫోను మోగింది. మా ఆవిడే. పొద్దుటినుంచి ఆమె అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న. కేసు సంగతి కాదు, పోలీసుల సంగతి కాదు.

"వాడేమైనా తిన్నాడా అండీ?"

తింటాళ్ళే అన్నాను. మొన్నటినుంచి మంచినీళ్ళు తప్ప ముట్టలేదన్న సంగతి ఆమెకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. "మీరక్కడ ఉండి కూడా వాడిచేత నాలుగు ముద్దలు తినిపించలేకపోతే ఇంక మీ డిటెక్టివ్ పనెందుకండీ," అంది. ఫోను పెట్టేశాను.

వసారా చివర సీసాలన్న నిలబడి ఉన్నాడు. అసలు పేరు వేరే ఉంటుంది. హోటల్లో వైన్ సీసాలన్నీ అతని చేతిమీదుగానే పోతాయి గనక ఆ పేరు స్థిరపడిపోయింది. మా వాడిని ఈ ఉద్యోగంలో పెట్టించింది అతనే. అప్పటినుంచీ ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు. నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కాఫీ కప్పు నా చేతిలో పెట్టి, తను మాత్రం గోడకి ఆనుకున్నాడు.

"సొంత తమ్ముడికన్నా ఎక్కువ బావగారూ. ఇన్నేళ్ళలో ఒక్కనాడు మాట పట్టింపు లేదు మా మధ్య," అన్నాడు. ఆరోజు నువ్వెక్కడున్నావని అడిగితే, విందుకి కావలసిన సీసాలు కింద గదినుంచి తెచ్చి గట్టుమీద పెట్టి వెళ్ళిపోయానని చెప్పాడు. తరవాత చెయ్యి నుదుటికి కొట్టుకుని, "మూడో గిన్నె తాత ముందుకి ఎలా వెళ్ళిందో నాకిప్పటికీ అంతు పట్టట్లేదండీ. పాపం తాత," అన్నాడు.

ఏడుస్తున్నవాడి మాటలు ఎవరు పట్టించుకుంటారు? నేనూ పట్టించుకోలేదు. పైగా మా ఆవిడ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. భుజంమీద చెయ్యేసి, నువ్వు చెబితే వింటాడేమో, నీ చేత్తో వాడికింత ఏదైనా తినిపించు బాబూ అని నేనే అడిగాను. సీసాలన్న కాసేపు నేలచూపులు చూశాడు. తరవాత సరేనన్నట్టు తలూపాడు. ఆ మాట అన్నందుకు నా నాలుక తెగ్గోసుకున్నా పాపం లేదు.

విందు జరిగిన గదికి వెళ్ళాను. పోలీసులు చూసేసి తాళం తీసేశారు గనక పెద్దగా అభ్యంతరం రాలేదు. ఆరోజు తాతకి సూపు పోసిన పిల్లని తోడు తీసుకున్నాను. మనిషి మంచి పొడుగు, అందరూ పొడుగమ్మాయి అనే పిలుస్తున్నారు. వచ్చిన దగ్గర్నుంచీ ముక్కు చీదుతూనే ఉంది.

గది చిన్నది. మధ్యలో గుండ్రబల్ల, చుట్టూ నాలుగు కుర్చీలు. రెండు తలుపులు, ఎదురెదురుగా. ఒకటి వంటగది వైపుకి, ఇంకోటి అతిథులు వచ్చే వైపుకి. ఒక్కో తలుపుకి దగ్గరగా ఒక్కో కుర్చీ, మిగతా రెండూ అటొకటీ ఇటొకటీ. వంటగది తలుపు దగ్గర తివాచీ మీద నాలుగు లోతైన అచ్చులున్నాయి. బరువైనదేదో పెట్టి తీసిన గుర్తులు. అవేమిటని అడిగాను.

"పూల స్టాండు అండీ. తాతకి పూలంటే ప్రాణం. సార్ పొద్దున్నే బజారుకెళ్ళి సొంతంగా కొనుక్కొచ్చారు. ఇంకెక్కడా చోటు లేక అక్కడ పెట్టించారు. తాత వెనకాలే ఉంటాయి, ఫోటోలో బాగా పడతాయని."

సార్ అంటే మా బావమరిది. పెళ్ళికొడుకుని చేసినట్టు ముసలాయన వెనక పూలు పెట్టాడన్నమాట వెర్రినాగన్న. తాత ఆ కుర్చీయే ఎందుకు కూర్చున్నాడన్నాను. వంటగది చప్పుడు వినపడకపోతే తనకి ముద్ద దిగదని, ముందురోజు సాయంత్రమే ఆ కుర్చీ దగ్గర తన పేరు అట్ట తానే పెట్టించుకున్నాడట. మిగతా ముగ్గురి అట్టలు కూడా అప్పుడే పెట్టేశారు. ఆ సాయంత్రం తొంగిచూసిన ఎవరికైనా ఎవరెక్కడ కూర్చుంటారో తెలిసిపోతుంది. పూలు మాత్రం తెల్లారాక వచ్చాయి.

సూపు సంగతి అడిగాను. గిన్నెల అడుగున వేయించిన పుట్టగొడుగు ముక్కలు వేసి వంటగది గట్టుమీద వరసగా పెడతారు. నలుగురు వడ్డించేవాళ్ళు ఆ వరసలోనే తలో గిన్నె తీసుకుని వచ్చి, నాలుగూ ఒక్కసారే బల్లమీద దించుతారు. తరవాత జగ్గుతో సూపు పోస్తారు. అందుకే జగ్గులో ఏమీ లేదు, గిన్నెలోనే ఉంది.

"రుచి తేడా తెలియలేదా ఆయనకి?"

పొడుగమ్మాయి ముక్కు తుడుచుకుంది. "తెలిసిందండీ. మొదటి చెంచాకే మొహం చిట్లించారు. పక్కనే ఉన్నా కదా, బాలేదా తాతా అని కళ్ళతోనే అడిగాను. నవ్వారు. నవ్వి మొత్తం తాగేశారు."

"ఎందుకు?"

"సూపు చేసినవాడు ఆయన చేతికింద పెరిగినవాడే. మేడమ్ బల్ల దగ్గరే ఉన్నారు. బాలేదంటే వాడి పరువు పోతుందని." ఆ పిల్ల ఇంక ఆగలేక గోడవైపు తిరిగిపోయింది. "గిన్నె పక్కకి తోసేసి ఉంటే బతికేవారండీ."

పరువు కోసం ప్రాణాలు తీసుకున్న పెద్దమనుషుల కథలు చాలా విన్నాను గానీ, వంటవాడి పరువు కోసం విషం మింగినవాడిని వినలేదు. ఆ కుర్చీ వీపుని ఊరికే ఓసారి తడిమాను.

తరవాత ఆ అమ్మాయికి నాలుగు ఖాళీ గిన్నెలిచ్చి, ఆరోజు ఎలా పెట్టారో అలాగే పెట్టి చూపించమన్నాను. కళ్ళు తుడుచుకుని అలవాటు మీద చకచకా నడిచింది. మొదటి గిన్నె వంటగది తలుపు దగ్గరి కుర్చీ ముందు పెట్టింది. గడియారం ముల్లు తిరిగే వైపుగా వెళ్ళి రెండోది పెట్టింది. మూడోది అతిథుల తలుపు దగ్గరి కుర్చీ ముందు పెట్టి, టక్కున ఆగి, నాలుక కరుచుకుంది.

"కాదు సార్. అలవాటులో పడి తప్పు పెట్టేశా."

మళ్ళీ గిన్నెలన్నీ పోగుచేసి, ఈసారి అతిథుల తలుపు దగ్గర మొదలుపెట్టింది. మూడో గిన్నె తాత కుర్చీ ముందుకి వచ్చింది. ఎందుకిలా అని అడిగాను. ఆ పిల్ల చెప్పింది వింటూ తాత కుర్చీలోనే కూర్చున్నాను.

ఈ రెస్టారెంటులో ఏ బల్ల దగ్గరైనా కుర్చీలని వంటగది వైపునుంచే లెక్కపెడతారు. మొదటిరోజు ఉద్యోగంలో చేరినవాడికి కూడా ముందు నేర్పేది అదే. ఎవరికేమిటని బల్ల దగ్గర అడగకుండా వడ్డించడానికి. ఆరోజు పూల స్టాండు వంటగది తలుపుకి అడ్డమైపోయింది. వడ్డించేవాళ్ళు అతిథుల తలుపులోంచి రావాలి. అందుకని మా బావమరిది, వడ్డనకి ముందు పెట్టే చిన్న మీటింగులో, ఇవాళ్టికి లెక్క ఇటునుంచి అని అందరికీ చెప్పాడు. అందరూ అలాగే చేశారు. అందరికీ మూడో గిన్నె అంటే తాత గిన్నే గనక, ఇందులో వింతేమీ ఎవరికీ తోచలేదు.

"అదే పాత లెక్కయితే మూడో గిన్నె ఎవరికి పోవాలి?"

పొడుగమ్మాయి అతిథుల తలుపు దగ్గరి కుర్చీకేసి చూసింది. వడ్డనంతా కనపడుతుందని అక్కడ కూర్చున్నవాడు మా బావమరిది.

అప్పుడే తలుపు తోసుకుని కోటు వచ్చాడు. హోటల్ సెక్యూరిటీకి పెద్ద. ఒకప్పుడు నేనూ వాడూ ఒకే డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేశాం. నేను ఎండలో తిరిగి పట్టుకొచ్చిన ఆధారాలు చల్లగా తన పేరు మీద రాసుకోవడంతో మా స్నేహం తెల్లారింది. ఎండాకాలంలో కూడా కోటు విప్పడు గనక నేను పెట్టిన పేరది.

"గురూ, చనిపోయినవాడి కుర్చీలో కూర్చుని సానుభూతి కొట్టేద్దామనా?"

నేను లేవలేదు. చచ్చిపోవాల్సింది తాత కాదని, మా బావమరిది అని, గిన్నెలు అటూ ఇటూ పెట్టి చూపించి మరీ చెప్పాను. వాడు శ్రద్ధగానే విన్నాడు. బుర్ర లేనివాడు కాదు, అదే నా బాధ. వింటున్నంతసేపూ వాడి మొహంలో రంగు మారడం చూశాను. అర్థమయింది వాడికి. అర్థమయ్యాకే నవ్వాడు.

"చూడు గురూ. ఇది హోటలు. ఇక్కడ హత్యలు జరగవు. పొరపాట్లు జరుగుతాయి. పొరపాటయితే ఒకడు పోతాడు. హత్యయితే గదులు ఖాళీ అవుతాయి, మూడొందలమంది పని పోతుంది. అందులో మనవాళ్ళు ఎంతమందో నీకు తెలుసా?"

"అందుకని తప్పు చెయ్యనివాణ్ణి బండెక్కిస్తావా?"

"సంతకం పెట్టింది వాడు. నేను చెయ్యి పట్టుకుని పెట్టించలేదు."

"వాడు ఎవరినో కాస్తున్నాడ్రా. చదువుకున్నవాడివి, ఆ మాత్రం కనపడట్లేదా నీకు?"

"కనపడినవన్నీ చూసేవాణ్ణయితే నీలాగే రాత్రి బస్సుల్లో తిరుగుతూ ఉండేవాణ్ణి," అన్నాడు. ఆ మాట నాకు బాగానే తగిలింది. అరికాలి మంట నెత్తికెక్కినా, వాడితో కుస్తీ పట్టడానికి టైము లేదు. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. వాణ్ణి వదిలేసి పొడుగమ్మాయి వైపు తిరిగాను. తాళంచెవి ఎప్పుడూ సార్ జేబులోనే ఉంటుందా అన్నాను. ఎక్కడండీ అంది. పొద్దున్నే బీరువా తియ్యబోయి, అయ్యో గదిలో మేకుకే వదిలేశానే అని మళ్ళీ పరిగెత్తుకెళ్ళడం సార్‌కి మామూలేనట.

గదిలో మేకు. ఆ గదిలో ఉండేది ఇద్దరు.

"ఆరోజు మీటింగుకి రానివాళ్ళెవరైనా ఉన్నారా అమ్మాయ్? బాగా ఆలోచించి చెప్పు. వడ్డన లెక్క తెలిసి ఉండాలి, ఆరోజు మారిన సంగతి మాత్రం తెలియకూడదు."

ఆమె ఆలోచించింది. కోటు కూడా ఈసారి నవ్వలేదు.

"అందరం ఉన్నామండీ. సీసాలన్న ఒక్కరే రాలేదు. కింద సీసాల గదిలో ఉన్నారు. తరవాత సీసాలు తెచ్చి గిన్నెల పక్కనే గట్టుమీద పెట్టారు. వైన్ ఆయనే పొయ్యాలి, కానీ ఒంట్లో బాలేదని కిందికి వెళ్ళిపోయారు. గదిలోకి రానేలేదు." తలుపుకేసి ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "సార్‌కీ ఆయనకీ వారం నుంచీ మాటల్లేవండీ. ఒకే గదిలో ఉంటూ."

ఒక్కనాడు మాట పట్టింపు లేదు బావగారూ. మూడో గిన్నె తాత ముందుకి ఎలా వెళ్ళిందో అంతు పట్టట్లేదండీ. నా చెవిలో పడ్డ మాటలే. హోటల్ మొత్తంమీద మూడో గిన్నె తాత దగ్గరికి వెళ్ళడం వింతగా తోచినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు నా చేతికి కాఫీ ఇచ్చి మరీ ఆ మాట అంటే, వెధవని, ఓదార్చాను.

"సీసాలన్నా?" అన్నాడు కోటు. గొంతు తగ్గింది. "వాడు ఇందాకే సూపు పట్టుకుని పైకెళ్ళాడు గురూ. మీ బావమరిదికి. నువ్వే తినిపించమన్నావని చెప్తే, నేనే పంపించాను."

ఇంకేం విన్నానో నాకు గుర్తులేదు. లిఫ్టు దగ్గర సామాను బండి అడ్డంగా ఉంది. వెనక మెట్లమీద పడి పరిగెత్తాను. ఈ వయసులో ఈ పొట్టతో అన్ని అంతస్తులు ఎలా ఎక్కానో ఆ భగవంతుడికే తెలియాలి. వెనక కోటు బూట్ల చప్పుడు వినపడుతూనే ఉంది. చచ్చేలోపు వాడు ఒక్క మంచిపని చేస్తాడేమో అనుకున్నాను.

వసారా మధ్యలో సీసాలన్న ఎదురొచ్చాడు. చేతిలో ఖాళీ ట్రే. నన్ను చూసి పారిపోలేదు. తప్పుకోలేదు కూడా. వాడి మొహం చూస్తే అడగాల్సింది ఏమీ లేదు.

"తాగాడండీ," అన్నాడు. "మొత్తం తాగేశాడు. వద్దులే వదిలెయ్యి అందామనుకున్నాను. నోరు రాలేదు." అలాగే గోడకి జారుకుంటూ నేలమీద కూర్చుండిపోయాడు.

వాణ్ణి దాటుకుని వెళ్ళి తలుపు తోశాను.

మా బావమరిది కూర్చున్నాడు. నేను వచ్చాక మొదటిసారి. కిటికీ పక్క చిన్న బల్ల ముందు, వీపు నిటారుగా పెట్టి, ఒళ్ళో తెల్ల గుడ్డ మడత పరుచుకుని, విందుకొచ్చిన అతిథిలా కూర్చున్నాడు. ముందున్న గిన్నె ఖాళీ. చెంచా గిన్నె పక్కన పద్ధతిగా పెట్టి ఉంది. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.

"మొదటి చెంచాకే తెలిసిపోయింది బావా," అన్నాడు.

"మరెందుకు తాగావురా?" అరిచాను.

"తాత తాగాడుగా."

వాడిని ఒడిసి పట్టుకుని, తల వంచి, గొంతులో వేళ్ళు పెట్టాను. కొంత బయటికి వచ్చింది. ఎంత లోపల ఉండిపోయిందో తెలియదు. ఆ ఆయాసంలోనే ముక్కలు ముక్కలుగా చెప్పాడు. సీసాలన్న ఖరీదైన ఖాళీ సీసాల్లో చవక వైన్ నింపి బల్లలమీదికి పంపడం వారం కిందట తన కంటపడింది. మేడమ్‌కి తాను చెప్పలేదు. 'అన్నా, తాత విందయ్యాక నువ్వే వెళ్ళి ఒప్పేసుకో' అని గడువిచ్చాడు. తాత ఒరిగిపోగానే, పాత లెక్కలో తనదయ్యే ఆ మూడో గిన్నె చూసి, ఎవరికోసం పెట్టిందో వాడికి అక్కడికక్కడే అర్థమైపోయింది.

"పూలు నేనే పెట్టించాను బావా. లెక్క మార్చింది నేనే. నాది ఆయన తాగాడు. ఇంక ఏ మొహంతో..."

మాట పూర్తి కాలేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి. వాణ్ణి భుజంమీద వేసుకున్నాను. మోయడం మొదలుపెట్టాక కోటు రెండోవైపు పట్టుకున్నాడు. ఇద్దరం మెట్లు దిగాం. మేం దాటి వచ్చేటప్పుడు వసారాలో నేలమీద సీసాలన్న తల మోకాళ్ళలో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. వాడిని పట్టుకోవాలన్న ధ్యాస నాకు లేదు. పారిపోతే పోనీ, ఈ కేసూ వద్దు, ఈ గెలుపూ వద్దు, వీడొక్కడు ఊపిరి పీలిస్తే చాలనిపించింది.

వెనక గుమ్మం దగ్గర పోలీసు బండి ఆగి ఉంది. అన్న టైముకే వచ్చింది. పొద్దుటినుంచీ ఏ బండి రాకూడదని మొక్కుకున్నానో, ఆ బండిలోకే మా బావమరిదిని నా చేతులతో ఎక్కించాను. ఆసుపత్రికని కోటు డ్రైవరుమీద అరిచాడు. బండి కదిలింది. వాడి తల నా ఒళ్ళో ఉంది. ఊపిరి ఆడుతోంది, కాసేపు ఆగుతోంది, మళ్ళీ ఆడుతోంది.

జేబులో ఫోను మోగింది. ఎత్తకూడదనుకున్నాను. చెయ్యి వినలేదు.

"ఏమండీ," అంది మా ఆవిడ, "వాడేమైనా తిన్నాడా?"